మాటల వేళ్లు వెదకిన మహాపండితుడు – ఆచార్య టామస్ బరో

భద్రాచలమునుండి చింతూరు మీదుగా జగదల్‌పూరునకు పోవు దారిలో తోంగ్‌పాల్ అను ఊరు కలదు. కోంటా, దోర్నపాల్, సుక్మా దాటిన పిదప, దర్భా చేరుటకు ముందు, అడవుల నడుమ బాట ప్రక్క నొదిగియున్న చిన్న ఊరది. చుట్టుపట్ల పల్లెలలో ధుర్వజాతివారు నివసింతురు. 1910లో బస్తరు సీమనంతను కదలించిన భూమ్‌కాల్ తిరుగుబాటునకు నాయకుడైన గుండాధుర్ ఈ జాతివాడే. వీరి భాషకు పర్జీ యని పేరు. ధుర్వీ యనియు నందురు. దానికి తనదైన లిపి లేదు, ప్రాచీన కావ్యములు లేవు, శాసనములు లేవు. నాలుకపై పుట్టి, చెవిలో నిలిచి, తల్లినుండి బిడ్డకు సంక్రమించిన భాష యది.

ఈ ప్రాంతమునకు తెలుగుదేశముతో గల సంబంధము పాతది. ఓరుగంటి ప్రతాపరుద్రుని సోదరుడగు అన్నమదేవుడు బస్తరు రాజవంశమునకు మూలపురుషుడని ప్రసిద్ధి. ఐనను ఆ దారిని పోవు తెలుగువాడు ధుర్వుల మాటలను విన్నచో, అందు కొన్ని తన మాటలవలెనే యుండుట గమనించి విస్మయపడును. పాలను వారు ‘పేల్’ అందురు; చేతిని ‘కెయ్’ అందురు; నీటిని ‘నీర్’ అందురు; ఉప్పును ‘చుప్’ అందురు. ఇవి తెలుగు మాటలే కాబోలు, అడవిలో పడి చెడిపోయినవి కాబోలునని అతనికి తోచును. చదువుకొన్నవారును పెక్కుకాలము అట్లే తలచిరి. ఆ తలంపు తప్పని నిరూపించి, లిపిలేని ఈ భాషను ద్రావిడ భాషల పంక్తిలో తగిన పీటపై కూర్చుండబెట్టిన వారిలో ముఖ్యుడు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు సంస్కృతాచార్యుడు టామస్ బరో.

ఆచార్య బరో 1909వ సంవత్సరము జూన్ 29వ తేదీన ఉత్తర ఇంగ్లాండులోని లాంకషైరు మండలమున లెక్ అను పల్లెలో జన్మించిరి. సమీపముననున్న కిర్క్‌బీ లాన్స్‌డేల్ పాఠశాలలో చదువు ముగించి, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన క్రైస్ట్స్ కళాశాలలో చేరిరి. అచట గ్రీకు, లాటిను భాషల నభ్యసించుచు, భాషలను సరిపోల్చి చూచు శాస్త్రమునం దాసక్తులై, ఆ మార్గమున సంస్కృతమునకు వచ్చిరి. సంస్కృతము నెరుగక ఐరోపా భాషల చరిత్ర తెలియదని 18వ శతాబ్దాంతమునుండి పండితులు గుర్తించియుండిరి గదా.

ఆ శాస్త్రపద్ధతిని కొంచెము తెలిసికొన్నగాని బరో చేసిన పని విలువ తేటపడదు. ఐరోపా పశ్చిమాంచలమున ఐరిష్, వేల్సు మొదలగు కెల్టిక్ భాషలు కలవు. తూర్పున రష్యన్, పోలిష్, చెక్ మొదలగు స్లావ్ భాషలు కలవు. వినువారికి వీనిలో వీనికి పోలికయే కానరాదు. కాని సంస్కృతమును నడుమ నుంచి చూచినచో బంధుత్వము బయటపడును. సంస్కృతమున ‘పూర్ణ’ మనుదానిని రష్యనులో ‘పోల్నీ’ యందురు. ఐరిషులో ‘లాన్’ అందురు. మూడును ఒక్క మూలమునుండి వచ్చినవే. కెల్టిక్ భాషలు మాట మొదటనున్న పకారమును పోగొట్టుకొన్నవి. ‘పితృ’ శబ్దమునకు సోదరమైన ప్రాచీన ఐరిషు పదము ‘అథిర్’ అనుటయు నిందులకే. ఇది ఒక్క మాటకు పట్టిన తెగులు కాదు. వరుసగా ఎన్నో మాటలలో నొకే తీరున జరిగిన మార్పు. కావున దానిని సూత్రముగా చెప్పవచ్చును. మరియొకటి: నూరునకు సంస్కృతమున ‘శతము’, రష్యనులో ‘స్తో’, వేల్సులో ‘కాంట్’. ఇచట సంస్కృతమును స్లావ్ భాషలును పాత కకారమును ఊష్మముగా మార్చుకొన్నవి. కెల్టిక్ భాషలు దానిని నిలుపుకొన్నవి. ఒకచోట పోగొట్టుకొన్న భాషయే మరియొకచోట భద్రపరచుకొన్నదన్నమాట.

పదముల రూపములందును ఇదే న్యాయము. పోలిష్, చెక్ భాషలలో నామమునకు నేటికిని సంబోధనతో కూడ ఏడు విభక్తులు కలవు. స్లావ్ భాషలలో నొకటియగు స్లొవీను సంస్కృతమువలె ద్వివచనమును గూడ విడువలేదు. వేల్సు భాష నామవిభక్తుల నన్నింటిని విడిచివేసినది. కాని దానికి వేరొక వింత అలవాటు కలదు: ముందున్న మాటనుబట్టి తరువాతి మాట మొదటి హల్లు మారును. పిల్లిని ‘కాథ్’ అందురు. అతని పిల్లి యనునపుడు అది ‘గాథ్’ అగును. ఇది తెలుగువారికి కొత్త కాదు. ‘వాడు కొట్టె’ ననుటకు ‘వాడు గొట్టె’ నని వ్రాయు గసడదవాదేశమును చిన్నయసూరి బాలవ్యాకరణమున చదివినవారు, వేల్సు బాలుర కష్టమును సులభముగా గ్రహింపగలరు. ఇంతమాత్రమున తెలుగునకు వేల్సునకు చుట్టరికము కలదని యనరాదు. పోలికలన్నియు బంధుత్వములు కావు. సూత్రమునకు లొంగిన పోలికలే బంధుత్వమునకు సాక్ష్యములు. కేంబ్రిడ్జిలో బరో నేర్చిన మొదటి పాఠ మిదియే. ఏ ఒక్క కూతురును తల్లి సొమ్ము నంతను దాచియుంచదు. కావున అందరు కూతుండ్ర పెట్టెలను తెరచి చూడవలె ననునది రెండవ పాఠము.

బరో మొదట పరిశోధించినది మధ్య ఆసియాలో దొరకిన ఖరోష్ఠీ పత్రములను. సర్ ఆరెల్ స్టైన్ చైనా తుర్కిస్తానములోని నియా మొదలగు ఇసుకదిబ్బల క్రిందినుండి త్రవ్వి తెచ్చిన చెక్కపలకలవి, ఇంచుమించుగా క్రీ.శ. 3వ శతాబ్దమునాటివి. అందు కావ్యములు లేవు. రాజు స్థానికాధికారులకు పంపిన ఆజ్ఞలు, పన్ను బకాయిల లెక్కలు, ఒంటెల తగవులు, భూమి విక్రయపత్రములు – నేటి మాటలో చెప్పవలెనన్న ప్రభుత్వ కార్యాలయపు దస్త్రములే. ఆ గుమాస్తాలు వ్రాసిన ప్రాకృతమును శ్రద్ధతో పరిశీలించి, దాని వ్యాకరణమును బరో 1937లో ప్రకటించిరి. 1940లో ఆ పత్రములకు ఆంగ్లానువాదమును వెలువరించిరి. గొప్ప గ్రంథములలోనే భాష యుండునను భ్రమ వారికి ఆనాటినుండియు లేదు.

1937లో వారు లండనులోని బ్రిటిష్ మ్యూజియమున ప్రాచ్యగ్రంథ విభాగమున ఉద్యోగమున చేరి, 1944 వరకు నుండిరి. దక్షిణ భారతభాషల పుస్తకములు అచట సమృద్ధిగా నుండెను. ఆ తెలుగు పుస్తకముల పట్టిక 1912లోనే అచ్చయి యుండెను. బరో తమిళము, కన్నడము, తెలుగు మొదలగు భాషల నిఘంటువులను ముందుంచుకొని, మాటకు మాట జోడించి చూడ నారంభించిరి. దక్షిణ భాషలు సంస్కృతజన్యములు కావని 1816లో మద్రాసునందు ఎల్లిస్ దొర చెప్పియుండెను. ఐర్లండున పుట్టి తిరునల్వేలి సీమలో జీవితమును గడపిన కాల్డ్వెల్ 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణమును వ్రాసియుండెను. కాని కెల్టిక్, స్లావ్ భాషలకు ఐరోపా పండితులు కట్టినంత కట్టుదిట్టమైన ధ్వనిసూత్రములు ద్రావిడ భాషలకు ఇంకను పూర్తిగా ఏర్పడలేదు. ఆ లోటును తీర్చుటకై బరో 1938 మొదలు 1948 వరకు, నడుమ మహాయుద్ధము సాగుచుండగనే, ‘ద్రావిడ పరిశీలనములు’ అను పేర ఏడు వ్యాసములను లండను ప్రాచ్యవిద్యాలయ పత్రికలో ప్రకటించిరి.

వానిలో 1943నాటి వ్యాసము మాట మొదటి కకారమును గూర్చినది. చేతిని తమిళ కన్నడములందు ‘కై’ యందురు. తెలుగున ‘చేయి’ అందురు. ఇకార ఎకారముల ముందున్న పాత కకారము తెలుగున చకారమగుట ఒక సూత్రము. 1947నాటి వ్యాసము మాట మొదటి చకారము జారిపోవుటను గూర్చినది. మూలద్రావిడమున చకారముతో ప్రారంభమైన పెక్కు మాటలు దక్షిణమున, కొన్ని తెలుగునందును, ఆ చకారమును పోగొట్టుకొని అచ్చులతో మొదలగుచున్నవి. తెలుగువారు నిత్యము కంచమున వడ్డించుకొను ఉప్పు అట్టిదే. ‘పూర్ణము’నుండి పకారము రాలిపోయి ఐరిషున ‘లాన్’ మిగిలినట్లు, ‘చుప్పు’నుండి చకారము రాలిపోయి తెలుగున ‘ఉప్పు’ మిగిలినది. ‘శతము’న పాత కకారము మారినట్లు, తెలుగు ‘చేయి’లోను మారినది. బంధుత్వము లేని రెండు కుటుంబములలో ధ్వనులు నడచిన తీరు మాత్ర మొక్కటే.

1944లో బరో ఆక్స్‌ఫర్డునందు బోడెన్ సంస్కృతాచార్య పీఠమునకు ఎన్నికైరి. హోరేస్ విల్సన్, మోనియర్ విలియమ్స్, మెక్డొనెల్ వంటివారు అధిష్ఠించిన పీఠమది. వయస్సు అప్పటికి ముప్పదియైదేండ్లు. 1976లో విరమించువరకు ముప్పదిరెండు సంవత్సరములు వారు ఆ పదవి నలంకరించిరి. 1955లో వెలువడిన ‘సంస్కృత భాష’ యను గ్రంథము వారి పేరును లోకమంతటను వ్యాపింపజేసెను. అందు సంస్కృతమునకు గ్రీకు, లాటిను, కెల్టిక్, స్లావ్ మొదలగు భాషలతో గల సంబంధమును వివరించి, విభక్తి ప్రత్యయముల పుట్టుకను చర్చించి, తుదకు సంస్కృతమున చేరిన అన్యభాషాపదములను గూడ పరిశీలించిరి. నీరము, మీనము, వలయము వంటి మాటలు ద్రావిడ భాషలనుండి సంస్కృతము గ్రహించినవని వారు చూపిరి. ఇచ్చుటయే గాని పుచ్చుకొనుట యెరుగని భాషగా సంస్కృతమును భావించువారికి ఇది కొత్తమాట. ఐరోపా పండితులలోను కొందరు ఈ వ్యుత్పత్తులలో పెక్కింటిని అంగీకరింపలేదు; వాదములు చాలకాలము సాగినవి. మూల ఇండో-యూరోపియను భాషలోని అచ్చును గూర్చి వృద్ధాప్యమున బరో చేసిన మరియొక వాదమునకు విశేషమగు ఆమోదము లభింపలేదు. ఐనను ద్రావిడ భాషలను పట్టించుకొనక సంస్కృత పదచరిత్ర వ్రాయుట ఆ పిమ్మట సాధ్యము కాలేదు.

సంస్కృతపీఠమున కూర్చున్నవారు బస్తరు అడవిభాషవైపు చూచుట మిక్కిలి విశేషము. అందులకు కారణము పైన చెప్పిన రెండవ పాఠమే. తమిళ తెలుగు కన్నడములకు గ్రంథములు కలవు. కాని కుటుంబమున చిన్నచెల్లెండ్రవలె నున్న లిపిలేని భాషలను వినక మూలద్రావిడమును గూర్చి తీర్పు చెప్పరాదు. ఆ భాషలు మధ్యభారతపు కొండలలో నున్నవి. వానిని వ్రాసికొనుటకు పల్లెలకు పోయి, చెట్టు క్రింద కూర్చుండి, ఓపికతో వినవలెను. ఈ పనిలో బరోకు తోడైనవారు సుధీభూషణ్ భట్టాచార్య. వీరు భారత ప్రభుత్వ మానవశాస్త్ర శాఖలో ఉద్యోగి. కేంద్ర ప్రభుత్వోద్యోగి యొకడు తన కొలువులో నుండియే ఒక భాషను లోకమునకు తెలియజేయగల్గె ననుట ప్రభుత్వోద్యోగుల కుటుంబములు సంతోషముతో స్మరింపదగిన విషయము.

అప్పటికి పర్జీని గూర్చి లోకమునకు తెలిసినది స్వల్పము. ఐర్లండున జన్మించి ఇండియన్ సివిల్ సర్వీసున పనిచేసిన గ్రియర్సన్ దొర నడపిన భారతీయ భాషా పరిశీలనమున, 1906లో అచ్చయిన 4వ సంపుటమును నార్వే పండితుడు స్టెన్ కోనో సిద్ధపరచెను. బైబిలులోని తప్పిపోయిన కుమారుని కథను ఆయా జిల్లాల అధికారులచేత స్థానిక భాషలలోనికి మార్పించి తెప్పించుట ఆ పరిశీలనపు పద్ధతి. అట్లు దొరకిన కొలది సామగ్రినిబట్టి కోనో పర్జీని గోండీ భాషకు మాండలికముగా నెంచెను. ఆ విధముగా ఒక భాష కాగితముపై తన పేరు పోగొట్టుకొని మరియొకదాని నీడలో నలువది సంవత్సరములకు మించి యుండెను.

బరో, భట్టాచార్యల ‘పర్జీ భాష’ 1953లో వెలువడెను. వ్యాకరణము, కథలు, పదకోశము కలిసిన గ్రంథమది. పర్జీ గోండీకి మాండలికము కాదనియు, స్వతంత్ర భాషయనియు, ఆదిలాబాదు సీమలోని కొలామీకిని, కోరాపుటు సీమలోని ఒల్లారీ గదబకును దగ్గరి చుట్టమనియు అది స్థిరపరచెను. ఆ నిర్ణయమునకు ఆధారమైన వానిలో నొకటి ఇచట వివరింపదగియున్నది. ఏలన అందు తెలుగువారి కన్నును పన్నును సాక్ష్యము చెప్పుచున్నవి.

తెలుగున కన్ను, కంటికి, కండ్లు. పన్ను, పంటికి, పండ్లు అందుము. రెండు మాటలును కవలపిల్లలవలె ఒకే నడక నడచుచున్నవి. తెలుగొక్కటే తెలిసినవానికి ఈ రెండింటి మూలములందు భేద మున్నదని తోచదు. కాని తమిళమున కన్ను ‘కణ్’, పన్ను ‘పల్’. మొదటిదానిలో నున్నది నాలుకను మడచి పలుకు మూర్ధన్యము. రెండవదానిలో నున్నది పండ్ల చిగుళ్లపై నాలుక నాన్చి పలుకు అక్షరము. ఇక తోంగ్‌పాల్ ప్రాంతపు పర్జీని విందము. అచట కన్ను ‘కన్’, పన్ను ‘పెల్’. ఒకదానిలో అకార మట్లే యున్నది, రెండవదానిలో ఎకారమైనది. పాలు ‘పేల్’ అగుటయు, వచ్చుటకు ‘వెర్’ అనుటయు, ఉండుటకు ‘మెన్’ అనుటయు – తెలుగు ‘మను’ ధాతువే యిది – ఈ మార్పునకే ఉదాహరణములు. చిగుళ్లపై పలుకు అక్షరముల ముందు మాత్రమే అకారము ఎకారమగు ననునది సూత్రము. ‘కన్’ అను మాటలో నేడు పర్జీవారు పలుకునది ‘మెన్’లోని నకారమే. ఐనను దాని ముందరి అకారము మారలేదు. ఏలన పూర్వ మచట నున్నది మూర్ధన్యమైన ణకారము. ణకారము పోయినది, అది యుండినదను జ్ఞాపకము మాత్రము ప్రక్కనున్న అచ్చులో మిగిలిపోయినది. గోండీలో పాలు ‘పాల్’, పన్ను ‘పల్’. ఈ మార్పు దానికి లేదు. కావుననే పర్జీ గోండీ కాదు.

చదువురాని జాతి నాలుకపై వేలయేండ్లుగా ఒక సూత్రము తప్పక నిలిచిన తీరు ఇది. చెడిపోయిన భాషలో ఇట్టి క్రమము కానరాదు. ‘కెయ్’ తెలుగు ‘చేయి’కి వికృతి కాదు, తెలుగు మార్చుకొన్న కకారమును పర్జీ మార్చుకొనలేదు. ‘చుప్’ తెలుగు ‘ఉప్పు’నకు వికృతి కాదు, తెలుగు జారవిడిచిన చకారమును పర్జీ జారవిడువలేదు. ఈ రెండుచోట్ల తోంగ్‌పాల్ మాటయే తెలుగు మాటకంటె మూలరూపమునకు దగ్గరగా నున్నది. పాల విషయమున తెలుగే పాతరూపమును నిలుపుకొన్నది. ఐరిష్, రష్యన్ భాషలవలెనే ఇవియు ఒకదాని లోటు నొకటి తీర్చుచున్నవి.

పదరూపములలోను పర్జీ విశేషములు చూపును. తెలుగున ‘వాడు’ పురుషునకు, ‘అది’ స్త్రీకిని వస్తువునకును చెల్లును. బహువచనమున స్త్రీపురుషుల నిద్దరిని ‘వారు’ అందుము. పర్జీలో పురుషుని ‘ఓద్’ అని, స్త్రీని గాని వస్తువును గాని ‘అద్’ అని యందురు. బహువచనమున పురుషులు ‘ఓర్’, స్త్రీలును వస్తువులును ‘అవ్’. అనగా ఏకవచనమున తెలుగును పర్జీయు నొక్క దారినే నడచి, బహువచనమున విడిపోయినవి. కాని లెక్కించునపుడు పర్జీ స్త్రీలకు ప్రత్యేక గౌరవ మిచ్చును. ఇద్దరు పురుషులను ‘ఇరుల్’ అని, ఇద్దరు స్త్రీలను ‘ఇరల్’ అని, రెండు వస్తువులను ‘ఇర్డు’ అని యందురు. తెలుగున ఇద్దరు, రెండు అను భేదమే కలదు. స్త్రీల సంఖ్యకు వేరుమాట లేదు. ఈ స్త్రీవాచక సంఖ్యాపదములు కొలామీ మొదలగు దగ్గరి భాషలలోను కనబడుటచే వాని చుట్టరికము దృఢమగుచున్నది.

పర్జీతో వారి శ్రమ ముగియలేదు. తరువాతి యేండ్లలో బరో, భట్టాచార్యలు గోండీ మాండలికముల పదములను సరిపోల్చి 1960లోను, కువీ భాషను గూర్చి 1963లోను ప్రకటించిరి. 1964లో మండ యను భాషను గుర్తించిరి. ఒరిస్సా కొండలలోని పెంగో భాషకు వారు వ్రాసిన వ్యాకరణము 1970లో వెలువడెను. భాషాశాస్త్రజ్ఞులకు పేరు మాత్రమే తెలిసినవి, పేరును తెలియనివి యగు భాషలు ఈ విధముగా గ్రంథస్థములైనవి.

వీని కన్నింటికి కిరీటము వంటిది ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయాచార్యుడు ఎమెనో నీలగిరులలోని తోడ, కోత భాషలను, కొలామీని పరిశోధించిన మహావిద్వాంసుడు. ఆయనయు బరోయు రెండు ఖండములలో నుండి, కూడి పనిచేసి, 1961లో ఆ నిఘంటువును ఆక్స్‌ఫర్డున ప్రకటించిరి. అందు నాలుగున్నర వేలకు పైగా పదకుటుంబములు చేరినవి. ఒక్కొక్క కుటుంబమున తమిళమునుండి బలూచిస్తానపు బ్రాహుయీ వరకు లభించిన సోదరపదము లన్నియు వరుసగా నుండును. అందు నన్నయ వాడిన మాటకును ధుర్వ రైతు వాడిన మాటకును ఒకే వరుస, ఒకే పరిమాణపు అక్షరములు. ‘ఉప్పు’ ప్రక్కనే ‘చుప్’ కలదు. ‘కన్ను’ ప్రక్కనే ‘కన్’ కలదు.

1984లో వెలువడిన రెండవ కూర్పున పదకుటుంబములు అయిదున్నర వేలు దాటినవి. ఈ అభివృద్ధిలో తెలుగువారి పాలును గలదు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు ధాతువులపై 1961లో ప్రకటించిన గ్రంథము, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున 1962లో వారు వెలువరించిన వ్యవసాయ వృత్తిపదకోశము అందుల కుపకరించినవి. నాగలిభాగములకును నాటుపనులకును ఆంధ్ర రైతులు వాడు మాటలు, ఏ కావ్యమునకును ఎక్కనివి, ఆ విధముగా ఆక్స్‌ఫర్డు గ్రంథమున చేరినవి. గోండీ, కుయి, కువీ మొదలగు భాషలు తెలుగునకు తోబుట్టువులనియు, పర్జీ, కొలామీలు మరియొక శాఖవనియు కృష్ణమూర్తి చేసిన విభాగమును నేడు పండితులు విశేషముగా నంగీకరించుచున్నారు. కావున పర్జీ తెలుగునకు కూతురు కాదు. ఒకే తాతయింటినుండి వేరుపడి వచ్చిన పెదతండ్రి బిడ్డ వంటిది.

ఆచార్య బరో మితభాషి యని ప్రసిద్ధి. సభలలో ప్రకాశింపవలెనను కోరిక వారికి లేదు. ఇతరుల మాటలను వినుటలోనే జీవితమును గడపిన వారికి తమ మాట తక్కువగుట సహజమే కావచ్చును. రెండవ కూర్పు వెలువడిన రెండేండ్లకు, 1986వ సంవత్సరము జూన్ 8వ తేదీన వారు పరమపదించిరి.

వారు గతించిన పిదప బస్తరున ఎన్నో మార్పులు కలిగినవి. మధ్యప్రదేశమునుండి 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము వేరుపడెను. 2012లో సుక్మా జిల్లా ఏర్పడి తోంగ్‌పాల్ అందు చేరెను. 2011నాటి జనాభా లెక్కలలో పర్జీని మాతృభాషగా చెప్పుకొన్నవారు సుమారు అరలక్ష మంది. సంతలో హల్బీ, బడిలో హిందీ అవసరమగుటచే ధుర్వ బాలురు తమ యింటిమాటను తగ్గించి వాడు పరిస్థితి వచ్చినది. ఒక పిల్లవాడు ‘చుప్’ మాని ‘నమక్’ అనినచో ఇంటి వంటకు లోటు రాదు. ఉప్పు ఉప్పుగనే యుండును. కాని తెలుగు పోగొట్టుకొన్న చకారమునకు సజీవముగా నిలిచిన సాక్షులలో నొకటి తగ్గిపోవును. గ్రంథములు గల భాష తన పాతరూపములను శాసనములలో వెదకికొనవచ్చును. లిపిలేని భాషకు నాలుకయే శాసనము. అది మారినచో శాసనము చెరిగినట్లే. 1953నాటి గ్రంథ మొకటి యుండుటచే పర్జీకి అంతటి నష్టము కొంత తప్పినది. ఐనను గ్రంథమున నిలుచుట వేరు, తల్లి నోట నిలుచుట వేరు.

కొలువు నిమిత్తము స్వస్థలమును విడిచి, హిందీ ఆంగ్లముల నడుమ బిడ్డలను పెంచుచున్న తెలుగు కుటుంబములకు ఈ విషయము తమదిగానే తోచును. బిడ్డ నోట తెలుగుమాట యొకటి నిలిచినచో నిలుచునది ఆ మాట యొక్కటే కాదు. దానితో కూడ వేలయేండ్ల చరిత్ర నిలుచును. పొరుగువాని మాటను చెడిన తెలుగని నవ్వక వినినచో, తన మాటయే మరింత స్పష్టముగా తెలియవచ్చును. ఎక్కడి లెక్ పల్లె, ఎక్కడి తోంగ్‌పాల్! సంస్కృతమునకు ఇచ్చిన శ్రద్ధనే ధుర్వ రైతు పలుకునకును ఇచ్చి, రెండింటికి నొకే న్యాయము చెప్పిన ఆచార్య టామస్ బరో తెలుగువారికి చిరస్మరణీయులు.